వానను ఆపిన చేతులు

మా ఊరికి వాన రాకపోవడానికి కారణం నేనేనని నాకు చిన్నప్పుడే తెలుసు. అనుకునేదాన్ని అని రాయడం లేదు, తెలుసు అనే రాస్తున్నాను. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎంత గట్టిగా తెలుసో, నా మోచేతి మీద తెల్లమచ్చ ఉన్నంతకాలం మా చేల మీద మబ్బు నిలవదని కూడా అంత గట్టిగా తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్విన కాసేపటికి ఒళ్ళు మండుతుంది. ఒక చిన్నపిల్ల ముంజేతికి అంత పెద్ద ఆకాశాన్ని ఆపే బలం ఉందని నమ్మిన ఊరు, ఆ పిల్లను చూసి కొంచెం భయపడైనా ఉండాల్సింది. భయపడలేదు, అసహ్యించుకుంది.

మాది ఉరవకొండలో బస్సు దిగి చాలా దూరం నడిచి పోవాల్సిన పల్లె. రాళ్ళు ఏరేకొద్దీ రాళ్ళు దొరికే ఎర్రచేలు. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. వానొస్తే బుడ్డలు విత్తడం, రాకపోతే చావిడి అరుగు మీద కూర్చుని ఆకాశం చూడడం, మా ఊరి మగవాళ్ళకు తెలిసిన పనులు ఈ రెండే. వాన ఎవరివల్ల రాలేదో తేల్చే పని మాత్రం ఆడా మగా కలిసి చేసేవాళ్ళు.

మా నాయన తల్లిని జేజి అనేవాళ్ళం. జేజికి ఒళ్ళంతా తొన్ను, అదే బొల్లి. నాకు ఊహ తెలిసేనాటికే ముఖం, మెడ, చేతులు, పాదాలు అన్నీ తెల్లబడి ఉన్నాయి. కనుబొమల పక్కన మాత్రం కొంచెం పాత రంగు మిగిలి, అదే మచ్చలా కనిపించేది. ఆమెను పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు కాదు. ఒకవేళ పిలిచినా, పెళ్ళికూతురు లోపలికి పోయాక వచ్చి తిని పొమ్మన్నట్టు పిలిచేవాళ్ళు. ఆమె పోయేది కాదు. "నా ఇంట్లో సంగటి లేదా, వాళ్ళ బువ్వకు పోవల్లనా నేను?" అనేది. నేను ఆమె ఒళ్ళో కూర్చుని ఆ పాత రంగు మీద వేలు పెట్టి ఆడుకునేదాన్ని. "ఇది అంటుకోదు పాపా. ఎండ నా రంగు తినేసినాది, అంతే" అనేది. ఆ మాటను ఆమె అన్నంత తేలిగ్గా అనడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

యాభైల మొదట్లో ఒక ఎండాకాలం జేజి జ్వరంతో పోయింది. మా వాళ్ళలో పూడ్చడమే ఆచారం. నాయన తన చేను గట్టునే గుంత తీయించి పూడ్చాడు. కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చి కంప వేశాడు. అంతకుముందు ఏడాది వానలు బాగా పడి ఉండడంతో ఎవరూ ఏమీ అనలేదు. కడుపు నిండి ఉన్నప్పుడు మా ఊరు మంచిదే.

ఏమీ అనలేదు అని ఎందుకు రాశానో చెప్పాలి. మా వైపు ఒక నమ్మకం ఉండేది. తొన్ను ఉన్న మనిషిని పూడిస్తే భూమి ఆ శవాన్ని ఒప్పుకోదట, అలిగిన భూమి వానను రానివ్వదట. అలాంటివాళ్ళను కాల్చాలి. తెలియక పూడ్చి ఉంటే, తవ్వి తీసి కాల్చాలి. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. అందరికీ తెలిసిందల్లా అది నిజమని.

జేజి పోయిన ఏడు వాన రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు. ఆ రెండో ఏడే నా మోచేతి మీద గోరంత తెల్లమచ్చ లేచింది. మా అమ్మ మొదట సున్నం అనుకుని చీరకొంగుతో తుడిచింది. ఇంకా గట్టిగా తుడిచింది. చర్మం ఎర్రబడి మచ్చ మాత్రం అలాగే ఉండేసరికి, నా చేయి పట్టుకునే నేల మీద కూలబడిపోయింది. ఏడవలేదు. ఎవరైనా చూశారా అని వీధి తలుపు వైపు చూసింది. నేను సిగ్గుపడడం నేర్చుకున్నది ఆ చూపు దగ్గరే.

తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. బావంచాలు అనే నల్లటి గింజలను గోమూత్రంలో నానబెట్టి నూరి, మచ్చ మీద పట్టించి, నన్ను మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టేది అమ్మ. అది కాలుతుంది. మామూలుగా కాదు, బొబ్బలు లేచి నీరు కారేటట్టు కాలుతుంది. నేను కేకలు పెడితే అమ్మ నా నోరు మూసి తనూ ఏడ్చేది. కదిరి గుడికి పోయి మొక్కుకుని వచ్చాం. మచ్చ కదిరి చూసొచ్చి ఇంకొంచెం పెరిగింది. రెండో చేతికీ వచ్చింది.

ఒకరోజు అలా మందు పట్టిస్తూ అమ్మ మామూలు గొంతుతో అంది. "పాపా, నువ్వు పెద్దదానివై, పెండ్లయి, పిల్లోళ్ళు పుట్టినాక ఎప్పుడో సచ్చిపోతావు గదా. అప్పుడు నిన్ను కాల్చమని ముందే సెప్పి పెట్టుకో. పూడ్సొద్దని సెప్పు. తవ్వుతారు నిన్ను."

అప్పటికి నేను నూతిలోకి తొంగి చూడాలన్నా భయపడే వయసులో ఉన్నాను. ఆ మాట విన్నాక నాకు చావంటే భయం పోయి, చచ్చాక జరగబోయేదంటే భయం పట్టుకుంది. అమ్మ నా మేలు కోరే చెప్పింది. పిల్లల్ని చంపేసే మాటల్లో సగం వాళ్ళ మేలు కోరే చెబుతారు.

ఉరవకొండలో ఒక దర్జీ సాయిబు దగ్గరికి నన్ను తీసుకుపోయి, మణికట్టు దాకా చేతులున్న రవికలు కుట్టించింది. ఆయన మా అమ్మ వైపు, నా వైపు చూసి, "ఇంత ఎండల్లో ఇంత పొడుగు చేతులా అమ్మా? బిడ్డ ఉడికిపోతాది" అన్నాడు. "నువ్వు కుట్టు సాయిబూ" అంది అమ్మ. కుట్టాడు. నేను ఉడికిపోయాను. బళ్ళో అందరూ పొట్టి చేతులతో తిరుగుతుంటే నేనొక్కదాన్నే పెళ్ళికి ముస్తాబైనట్టు పొడుగు చేతులతో పోయేదాన్ని. దాచిపెట్టానని నేననుకున్నది అందరికీ అలా తెలిసిపోయింది.

వాన రాని ఏడు మా ఊళ్ళో పిల్లలు కప్పను ఆడించేవాళ్ళు. రోకలికి వేపమండలు చుట్టి, తడిగుడ్డలో కప్పను కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఆడవాళ్ళు బయటికి వచ్చి చెంబెడు నీళ్ళు కప్ప మీద, పిల్లల మీద పోస్తారు. గుక్కెడు నీళ్ళు కరువైన ఊళ్ళో ఒళ్ళంతా తడిసే పండగ అదొక్కటే. మొదటి ఏడు నేను రోకలి మోశాను. రెండో ఏడు రోకలి పట్టుకోబోతే మా పక్కింటి పెద్దమ్మ, "నువ్వొద్దు పాపా, నువ్వు ముట్టుకుంటే కప్ప అరవదు" అంది. ఆమె నాతో కోపంగా అనలేదు. పొయ్యి దగ్గరికి పోవద్దు, కాలుతుంది అన్నట్టు అంది. నేను అరుగు మీద కూర్చుని వాళ్ళు తడవడం చూశాను.

కప్పకూ వాన రాలేదు. భజనలకూ రాలేదు. చివరికి ఒక పొద్దున ఊరిపెద్ద మా ఇంటికి వచ్చాడు. వెంట నలుగురైదుగురు. అందరికీ ముందే తెలిసిన మాటను ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"ఏమప్పా, మీ అమ్మ మంచిదే. ఎవురూ కాదనరు. కానీ తొన్ను పీనుగను పూడిస్తిమి. భూమి ఒప్పుకోలా. తీసి కాలుస్తాం. నువ్వు ఊ అను, సాలు."

"అది మా అమ్మ అన్నా" అన్నాడు నాయన. "తొమ్మిది నెల్లు మోసింది నన్ను. ఆయమ్మను నేను తవ్వల్లనా?"

"నువ్వొద్దులే. మేము తవ్వుతాం."

నాయన ఒప్పుకోలేదు. వాళ్ళు పోయారు. నేను గుంజ పక్కన నిలబడి వింటున్నాను. మా నాయన గెలిచాడని ఛాతీ పొంగింది. మర్నాడు తెల్లవారుజామున అమ్మ ఎనుము పాలు పిండుతూ, గాడి దగ్గర గడ్డి వేస్తున్న నాయనతో అన్న మాటలు మిద్దె మీద పడుకున్న నా చెవిన పడ్డాయి.

"నువ్వు ఈ పొద్దు మీ అమ్మను ఇయ్యకపోతే, రేపు అందరూ పాప దిక్కు సూస్తారు. సచ్చినామె కావల్లనా నీకు, బతికుండే బిడ్డ కావల్లనా?"

పాలచెంబులో ధార పడే చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆయన కండువా భుజాన వేసుకుని ఊరిపెద్ద ఇంటి వైపు నడవడం మిద్దె మీద నుంచి చూశాను. నా కోసం ఆయన తన తల్లిని ఇచ్చేయడానికి పోతున్నాడు. నాకు అర్థమయింది. పిల్లలకు అర్థం కాదని పెద్దవాళ్ళు అనుకునేవన్నీ పిల్లలకు అర్థమవుతాయి.

ఆడవాళ్ళు చూడకూడదన్నారు. మా చేను మిద్దె మీదికి కనబడుతుంది కాబట్టి నేను పొగ మాత్రం చూశాను. గాలి లేదు. పొగ నిట్టనిలువుగా పైకి పోయింది. నాయన ఇంటికి వచ్చి తలకు పోసుకుని, అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచాడు. ఆ రోజంతా నా వైపు చూడలేదు.

వారం తిరక్కముందే వాన వచ్చింది.

అంత పెద్ద వాన మా ఊరు ఎన్నడూ చూడలేదన్నారు. వంకలు పారాయి. జనం వీధుల్లోకి వచ్చి గంతులు వేశారు. ఊరిపెద్ద మా ఇంటి ముందుకొచ్చి నాయనను కౌగిలించుకున్నాడు. నాయన నవ్వాడు. విత్తనానికి తగ్గ పదును దొరికిందని వానలోనే చేనుకు పరిగెత్తాడు. అమ్మ వాకిట్లో నిలబడి తడుస్తూ, "రా పాపా, తడువు" అని నన్ను పిలిచింది. నేను చూరు కింద గోడకు అతుక్కుపోయాను. చేయి బయటికి చాపలేదు. నేను ముట్టుకుంటే ఆ వాన ఆగిపోతుందని నాకు భయం. లోకంలో ఉన్న పిల్లలందరికీ ఇష్టమైనదాన్ని చూసి నేను వణికిపోయాను. రాకపోయి ఉంటే కనీసం అనుమానం మిగిలేది. వచ్చింది. జేజి వల్లే అంతకాలం ఆగిందని ఆకాశమే ఒప్పుకుంది. జేజి బూడిదయింది, ఇక ఊళ్ళో మిగిలింది నేను.

ఆ తర్వాత కొన్ని ఏళ్ళు నేను బతికిన బతుకును ఒక్క ముక్కలో చెప్పగలను. ఎవరైనా ఆకాశం వైపు చూస్తే నేను చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. వాన బాగా పడిన ఏడు ఊపిరి పీల్చుకునేదాన్ని, పడని ఏడు ఇంట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. బళ్ళో సమాధానం తెలిసినా చేయి ఎత్తేదాన్ని కాదు, ఎత్తితే రవిక చెయ్యి కిందికి జారుతుంది కదా. బాగా చదివేదాన్ని. అది తెలివి వల్ల కాదు. పుస్తకం నా వైపు చూడదు, అందుకు.

నాయన నన్ను చదివించాడు. పెళ్ళి కాదని ఆయనకు తెలుసు. అనంతపురంలో టీచరు ట్రైనింగుకు పంపాడు. హాస్టలులో ఉండగా ఒక సాయంత్రం వాన వచ్చింది. అందరూ బట్టలు తీయడానికి పరిగెత్తారు. నేను వరండాలో ఒక్కదాన్నే మిగిలాను. ఏమనిపించిందో, పొడుగు చేతిని పైకి లాగి, చేయి బయటికి చాపాను. వాన ఆగలేదు. చినుకులు మచ్చల మీద పడి జారిపోయాయి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. కాసేపటికి వాన తగ్గి, ఆగింది. వాన అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆగాల్సిందే. కానీ నా మనసు వెంటనే, "చూశావా" అంది.

ఆ రోజు నాకు ఒకటి అర్థమయింది. ఈ మనసుకు సాక్ష్యాలు చూపించి లాభం లేదు. వాన వస్తే ఒక మాట అంటుంది, ఆగితే ఒక మాట అంటుంది, రెండూ నన్ను తిట్టే మాటలే. నా శత్రువు మా ఊరు కాదు, మా ఊరు ఎప్పుడో నా లోపలికి వచ్చి కాపురం పెట్టింది.

చిన్నప్పుడు నాయన కోడెకు కాడి అలవాటు చేయడం చూశాను. కాడి మెడ మీద పడగానే కోడె బెదిరి, రొప్పుతూ, ఎటు పడితే అటు లాగుతుంది. చాలామంది చెర్నాకోలతో బాదుతారు. నాయన బాదడు, తోలడు. దాని మూపురం మీద అరచేయి వేసి ఊరికే నిలబడతాడు. రొప్పు తగ్గేదాకా నిలబడతాడు. "బెదిరినప్పుడు కొడితే ఇంగా బెదురుతాది. వదిలేస్తే పరిగెత్తడం నేర్సుకుంటాది. పక్కన నిలబడల్ల, అంతే" అనేవాడు. అనంతపురంలో నాకు దిక్కైంది ఈ మాటే.

ఆ మాట మొదటిసారి పనికొచ్చింది ట్రైనింగులో పాఠం చెప్పేటప్పుడు. చిన్నపిల్లల తరగతి. నల్లబల్ల పైభాగంలో రాయడానికి చేయెత్తితే రవిక చెయ్యి మోచేతి దాకా జారింది. ముందు వరసలో ఒక పిల్లాడు, "టీచరమ్మా, నీ చేతికి సున్నం అంటినాది" అన్నాడు. గదిలో గాలి అంతా పోయినట్టయింది నాకు. కాళ్ళు తలుపు వైపు లాగాయి. పరిగెత్తితే ఇక జన్మంతా పరుగే అని తెలుసు. కదలకుండా నిలబడ్డాను. లోపల ఆ బెదురు కోడెలా రొప్పుతోంది, రొప్పనిచ్చాను. తిట్టలేదు, సముదాయించలేదు. కాస్త తగ్గాక తిరిగి పిల్లాడి వైపు చూసి, "సున్నం గాదు నాయనా, తొన్ను. అంటుకోదు" అన్నాను. గొంతు నాది, మాట జేజిది. పిల్లాడు "ఓహో" అన్నాడు. తర్వాత ఒంటేలుకు పోతానని చిటికెన వేలు చూపించాడు. నా బతుకంతా దాచుకున్న రహస్యం విలువ వాడి ఒంటేలు పాటి కూడా లేదు.

ఒక్కరోజులో అంతా మారిపోయిందని రాయలేను. మారలేదు. రోజూ ఎవరో ఒకరు చూస్తారు, రోజూ అది బెదురుతుంది, రోజూ నిలబడాలి. కానీ సెలవులకు వచ్చినప్పుడు ఉరవకొండలో దిగి ఒక్కదాన్నే సాయిబు దగ్గరికి పోయాను. నా పాత రవికలు ఇచ్చి, చేతులు మోచేతి పైకి కత్తిరించమన్నాను. ఆయనకు గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. "గుడ్డ మిగుల్తాది గదమ్మా, ఏం సేయల్ల?" అన్నాడు. "నీకు కావల్సింది చేసుకో సాయిబూ, నాకొద్దు" అన్నాను. ఆ పొట్టి చేతులు చూసి మా అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆమె పోయేదాకా నన్ను ఆ రవికల్లో చూడడానికి అలవాటు పడలేదు.

అరవైల మధ్యలో పెద్ద కరువు వచ్చింది. అప్పటికి నేను మా ఊరికి దగ్గర్లోనే బడిలో టీచరుగా చేరాను. అమ్మ పోయింది, నాయన ఒక్కడే ఉన్నాడు. ఎద్దులను మేపలేక అమ్మేశారు. జనం రోడ్డు పనికి పోయి, గంజి కోసం చెంబులు పట్టుకుని వరసల్లో నిలబడ్డారు. తొలకరికి పడిన కాస్త తడికి ఆశపడి అందరూ బుడ్డలు విత్తారు. మొక్క మొలిచింది, వాన మొహం చాటేసింది. ఆ రోజుల్లోనే ఊళ్ళో గొర్రెలు కాసే ఒక తాత చనిపోయాడు. ఆయనకు పాదాలకు తొన్ను ఉండేది. ఎవరూ లేని మనిషి, కాల్చడానికి కట్టెలు ఇచ్చేవాళ్ళు లేరు. ఊరి బీడులో, ఆయన గొర్రెలను మందవేసే చోటి పక్కనే పూడ్చారు.

వాన రాకపోయేసరికి చావిడి దగ్గర అందరూ కూడారు. నేనూ పోయాను, పొట్టి చేతుల రవికతోనే. ఆడది చావిడికి రావడమే వింత, అందులోనూ నేను. అందరూ చేతుల వైపు చూశారు. లోపల అది బెదిరింది. కోడె పక్కన నిలబడ్డట్టే దాని పక్కన నిలబడ్డాను. తర్వాత మాట్లాడాను.

"ఆ తాత మీ గొర్రెలు కాసినాడు. మీ పిల్లోళ్ళకు జున్ను తెచ్చి ఇచ్చినాడు. ఇప్పుడు ఆయప్పను తవ్వుతారా? నా సేతులు సూడండి. నేను బతికే ఉండా. ఈ ఊళ్ళో వాన పడిన ఏండ్లల్లో నేను లేనా? అప్పుడెందుకు ఆపలేదు నేను?"

చిన్నప్పటి నుంచి ఆ క్షణం కోసమే బతికినట్టు అనిపించింది. ఎవరూ కోప్పడలేదు. పాత ఊరిపెద్ద, బాగా ముసలివాడైపోయాడు, మెల్లగా అన్నాడు. "అమ్మా, నీకు నెలకు జీతం వస్తాది. మాకు వాన రావల్ల. నువ్వు సెప్పేది అంతా నిజమే అనుకో. కానీ మీ జేజిని కాల్చినప్పుడు వాన వచ్చినాదా, లేదా? మీ నాయనను అడుగు."

అందరూ మా నాయన వైపు తిరిగారు. నేనూ తిరిగాను. ఆయన చావిడి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నా వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు.

"వచ్చినాది" అన్నాడు.

అంతే. మర్నాడు తవ్వారు. మళ్ళీ పొగ. నేను బడికి పోయి ఎక్కాలు చెప్పాను.

ఆ తర్వాత రోజులు నా బతుకులో అన్నింటికంటే కష్టమైనవి. మా నాయన చేను ఎండిపోతోంది. వాన రావాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. వస్తే మాత్రం జేజి విషయంలోనూ, తాత విషయంలోనూ ఊరే గెలుస్తుంది. రాకపోతే నేను గెలుస్తాను, నాయన ఓడిపోతాడు. రోజూ సాయంత్రం బడి గుమ్మంలో నిలబడి పడమర చూసేదాన్ని. ఒకరోజు అలా చూస్తూ, నా తీర్పు కోసం ఇంకా ఆకాశాన్నే అడుగుతున్నానని తోచి సిగ్గేసింది. లోపలి ఆ కోడె మూపురం మీద చేయి వేసి, నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. వచ్చినా నా వల్ల కాదు, రాకపోయినా నా వల్ల కాదు. ఈ మాట వాన చెప్పాల్సిన పని లేదు. లోపల చాలాసేపటికి రొప్పు తగ్గింది. అంతగా తగ్గడం అదే మొదలు, ఆ తర్వాత మళ్ళీ అంత బెదరలేదు. ఆ రోజు నేను తలెత్తకుండానే ఇంటికి నడిచాను. మబ్బుందో లేదో చూడలేదు.

ఒకసారి ఉరిమింది. జనం బయటికి వచ్చారు. దుమ్ము మీద గుంటలు పడేంత పెద్ద చినుకులు కొన్ని రాలి, గాలి లేచి, మబ్బు కర్ణాటక వైపు పోయింది. మళ్ళీ రాలేదు. బుడ్డల మొక్కలు, కాయకట్టే ఊడలు నేలలోకి దిగకుండానే మాడిపోయాయి.

ఆదివారం నాయన కోసం చేనుకు పోయాను. ఆయన జేజి గుంత దగ్గర కూర్చుని ఉన్నాడు. పూడ్చిన గుంత కాదు, తవ్వాక ఎవరూ సరిగా పూడ్చని గుంత. చేతిలో పీకిన మొక్క ఒకటి ఉంది. వేళ్ళకు గింజ లేదు. నేను పక్కన కూర్చున్నాను.

"వచ్చింటే బాగుండు పాపా" అన్నాడు.

"బాగుండు నాయనా" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆయన మొక్కను తిప్పి తిప్పి చూశాడు. "కాల్చినాం గదా, మల్ల ఏంటికి రాలా?"

నేను ఆయన చేతిలోని మొక్కకు అంటిన మన్ను దులిపాను.

"అయితే అప్పుడెట్ల వచ్చినాది?"

"వచ్చే టయానికి వచ్చినాది నాయనా. అంతే."

ఆయన నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ళూ ఆయన దేని మీద నిలబడి బతికాడో నాకు అప్పుడు కనబడింది. తల్లిని ఇచ్చాడు, ఊరికి వాన వచ్చింది, బిడ్డ బతికింది. ఆ లెక్క మీదే ఆయన అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, నన్ను చదివించాడు. నేను ఎన్నో ఏళ్ళు కష్టపడి నా లోపలి నుంచి తీసి పారేసిన నమ్మకం, ఆయనకు మిగిలిన ఒకే ఒక్క ఊతకర్ర.

"అంటే" అన్నాడు, ఆగి ఆగి, "మా అమ్మను ఊరికే తవ్వినాం."

కాదు అని చెప్పాలనిపించింది. చెబితే నా చేతులు మళ్ళీ వెనక్కి పోతాయి. చెప్పలేదు.

ఆయన భుజాలు కదలడం మొదలైంది. మగవాడు ఏడిస్తే చూడకూడదని నేను వేరే వైపు చూశాను. తర్వాత, ఆయన కోడె మీద వేసినట్టే, నా అరచేయి ఆయన వీపు మీద వేసి, ఊరికే పక్కన కూర్చున్నాను. ఎండలో నా చేయి ఆయన నల్లటి వీపు మీద తెల్లగా ఉంది. నేను చేయి తీయలేదు. ఆయన వణుకు ఆగలేదు.